ఆరోపణ బజారులో, ఫలితం బీరువాలో

కోనసీమ జిల్లా కె.గంగవరం మండలంలో ఒక తండ్రి ఉన్నాడనుకుందాం. కోటిపల్లి రేవుకు దగ్గరలో కౌలు వరి చేసుకుంటాడు. కూతురు ఏడో తరగతి చదువుతోంది. వేసవి బదిలీల్లో ఆ బడికి కొత్త మాస్టారు వచ్చారు. వచ్చిన వారానికే ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక పాత పేపర్ కటింగ్ తిరగడం మొదలైంది. వెనకటి ఊళ్లో ఆయన్ను సస్పెండ్ చేశారని అందులో ఉంది. ఎందుకు చేశారో ఒక్క ముక్కలో ఉంది, తరువాత ఏమైందో లేదు. ఆ తండ్రి ఎంఈఓ ఆఫీసుకు వెళ్లి అడుగుతాడు: "మా పాపకి పాఠం చెప్పే మాస్టారి సంగతి తెలుసుకోవచ్చాండీ?"

నేను పనిగట్టుకుని ఊహించిన మనిషి ఇతను. అయినా ఈ ప్రశ్న ఊహ కాదు. పిల్లల్ని బడికి పంపే ఏ ఇంట్లోనైనా ఏదో ఒకనాడు పుట్టేదే. దీనికి మన చట్టాలు, కోర్టులు, ఆఫీసులు ఇప్పటివరకు ఏం జవాబు చెప్పాయో వరసగా చూడటమే ఈ వ్యాసం పని. చూస్తూ పోతే నాకు ఒక విషయం స్పష్టంగా కనిపించింది. మన దగ్గర టీచరు మీద ఆరోపణ బహిరంగం, విచారణలో తేలింది మాత్రం రహస్యం. ఉండాల్సింది దీనికి సరిగ్గా తలకిందులుగా అని నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి ఆధారాలు ఎంత బలంగా ఉన్నాయో, ఎక్కడ పలచబడతాయో కూడా చెబుతాను.

ముందు ఆ తండ్రి దరఖాస్తు సంగతి. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్ల కాగితం మీద రాసిస్తే చాలు. 30 రోజుల్లో జవాబు రావాలి. అడిగింది మూడో మనిషికి సంబంధించిన సంగతి అయితే, అంటే ఇక్కడ మాస్టారిది అయితే, ఐదు రోజుల్లో ఆయనకు నోటీసు వెళ్లాలి, అభ్యంతరం చెప్పుకోవడానికి ఆయనకు పది రోజులు గడువు. ఇంతవరకు కాగితం మీద దారి తిన్నగానే ఉంది. ఏ ఆఫీసుకు వేయాలన్న దగ్గరే మొదటి చిక్కు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడి డీఈఓ ఆఫీసు అమలాపురానికి వచ్చింది. జిల్లా పరిషత్తు మాత్రం ఉమ్మడి తూర్పు గోదావరి మొత్తానికి కాకినాడలోనే ఉండిపోయింది. జిల్లా పరిషత్తు హైస్కూలు మాస్టారి పాత ఫైలు కావాలంటే గోదావరి ఏ ఒడ్డున అడగాలో తెలుసుకోవడమే ఒక పని.

అదే మాస్టారి గురించి ఇప్పటికే బయట ఉన్న వివరాలు తక్కువేమీ కావు. బదిలీల వేళ సీనియారిటీ జాబితాలు ఆన్‌లైన్లో పెడతారు. పేరు, బడి, సబ్జెక్టు, చేరిన తేదీ అన్నీ అందులో ఉంటాయి. నెల జీతం ఎంతో ప్రభుత్వ ఆఫీసు తనంతట తానే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. మన రాష్ట్రంలో 2022 వేతన సవరణ ప్రకారం ఎస్జీటీ మూల వేతనం 32,670 రూపాయల దగ్గర, స్కూల్ అసిస్టెంటుది 44,570 దగ్గర మొదలవుతుంది. ఊళ్లో ఎవరైనా కూడబలుక్కుని చెప్పగలిగిన లెక్క ఇది. జీతం తెలుస్తుంది, పుట్టిన తేదీ కూడా తెలిసే అవకాశం ఉంది. పిల్లను కొట్టాడని విచారణలో రుజువైందా లేదా అన్నది తెలియదు.

ఆ రుజువు ఎక్కడ ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడాలి. ప్రభుత్వ టీచరు బతుకంతా సర్వీసు రిజిస్టరులో ఉంటుంది. ఎస్ఆర్ అంటారు. మొదటి పేజీలో తండ్రి పేరు, సొంత ఊరు, పుట్టిన తేదీ, చదువు, ఎత్తు, పుట్టుమచ్చలు. లోపల ఏటేటా ఇంక్రిమెంటు, బదిలీ, సెలవుల ఖాతా. ప్రసూతి సెలవు, జబ్బు సెలవు కూడా అక్కడే. ఎవరిని నామినీగా రాశారో, పీఎఫ్ అప్పు ఎప్పుడు తీశారో అదీ అక్కడే. వీటి మధ్య ఎక్కడో ఒక పేజీలో, పై అధికారి సంతకంతో, ఫలానా ఉత్తర్వు ప్రకారం ఒక ఇంక్రిమెంటు నిలిపివేయడమైనది అని రెండు లైన్లు ఉండొచ్చు. తండ్రికి కావాల్సింది ఆ రెండు లైన్లలో ఒక రకం మాత్రమే. మాస్టారి సర్వీసు రిజిస్టరు కాపీ ఇవ్వండి అని అడిగితే పుట్టుమచ్చల నుంచి ప్రసూతి సెలవు దాకా అన్నీ అడిగినట్టే. గోప్యత అన్న మాట టీచర్ల సంఘాలు ఊరికే అంటున్నది కాదని ఆ పుస్తకం తిరగేసిన ఎవరికైనా తెలుస్తుంది.

ఆ రెండు లైన్లలో కూడా రకాలున్నాయి. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమాలు 1991లో వచ్చాయి. శిక్షలను అవి రెండు తరగతులుగా చూస్తాయి. మందలింపు, ప్రమోషన్ ఆపడం, నష్టం వసూలు, ఇంక్రిమెంటు నిలిపివేత వంటివి చిన్నవి. కింది హోదాకు దించడం, నిర్బంధ పదవీ విరమణ, తొలగింపు, బర్తరఫ్ పెద్దవి. పెద్ద శిక్ష వేయాలంటే అభియోగ పత్రం ఇవ్వాలి, విచారణాధికారి సాక్షుల్ని వినాలి, టీచరుకు తన వాదన చెప్పుకునే అవకాశం ఉండాలి. విచారణ వేళ వేసే సస్పెన్షన్ శిక్ష కాదు. విచారణ సాగేంతవరకు మనిషిని పక్కన పెట్టడం అది. ఆ కాలంలో జీవన భృతి కింద దాదాపు సగం జీతం వస్తుంది. బజారు దృష్టిలో మాత్రం సస్పెండ్ అయ్యాడంటే తప్పు చేశాడనే అర్థం. జిల్లా పేజీలో సస్పెన్షన్ వార్త పేరుతో సహా పడుతుంది. ఆర్నెల్ల తరువాత అభియోగం రుజువు కాలేదని విధుల్లోకి తీసుకున్న వార్త అదే పేజీలో, అదే సైజులో పడటం నేనింతవరకు చూడలేదు.

కోర్టులు ఏమన్నాయో ఇప్పుడు చూద్దాం. ఈ విషయంలో అన్ని ఆఫీసులూ ఉదహరించే తీర్పు గిరీష్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో 2012 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఇచ్చింది. అక్కడ ఉన్నది టీచరు కాదు, భవిష్యనిధి సంస్థలో ఒక అధికారి. ఆయనకు ఇచ్చిన మెమోలు, షోకాజ్ నోటీసులు, పడిన శిక్షల కాపీలు కావాలని దేశ్‌పాండే అడిగాడు. ఉద్యోగి పనితీరు ప్రధానంగా ఉద్యోగికీ యజమానికీ మధ్య వ్యవహారమనీ, సర్వీసు నిబంధనల పరిధిలోదనీ, చట్టం 8(1)(జె) సెక్షన్ కింద వ్యక్తిగత సమాచారమనీ కోర్టు అంది. విశాల ప్రజా ప్రయోజనం ఉందని అధికారికి తృప్తి కలిగితే ఇవ్వొచ్చు గానీ హక్కుగా మాత్రం అడగలేరని చెప్పింది. 2017లో కెనరా బ్యాంకు గుమస్తాల బదిలీల కేసులో అదే దారిలో నడిచింది. 2019 నవంబరు 13న సుభాష్ చంద్ర అగర్వాల్ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం వ్యక్తిగత సమాచారం అంటే ఏమిటో ఒక జాబితా చెబుతూ క్రమశిక్షణ చర్యల్నీ అందులో చేర్చింది. ప్రజా ప్రయోజనం తూకంలో బరువు తేలితే ఇవ్వొచ్చన్న తలుపు మాత్రం మూయలేదు.

ఈ తీర్పుల్ని జాగ్రత్తగా చదవాలి. వీటిలో దేనిలోనూ కోర్టు ముందున్న ప్రశ్న పిల్లల భద్రత కాదు. బ్యాంకు గుమస్తా బదిలీ, భవిష్యనిధి అధికారి మెమో వేరు, ఏడో తరగతి పిల్లతో రోజూ ఆరేడు గంటలు గడిపే మనిషి మీద రుజువైన అభియోగం వేరు. ఈ తీర్పులు పిల్లలకు జరిగిన హాని వివరాల్ని కూడా కప్పేశాయని చెప్పడానికి ఆధారం లేదు. అలాగని అవి తలుపు తెరిచాయని చెప్పడానికీ లేదు. తూకం వేయమన్నాయి, అంతే. తూకం వేసే చెయ్యి ఎంఈఓ ఆఫీసులోనో డీఈఓ ఆఫీసులోనో ఉండే సమాచార అధికారిది. ఇస్తే సాటి ఉద్యోగితో గొడవ, ఇవ్వకపోతే పోయేదేమీ లేదు. అలాంటి చెయ్యి ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు.

ఆ తూకపు రాళ్లు కూడా ఈమధ్య మారిపోయాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 44(3) సెక్షన్ సమాచార హక్కు చట్టపు 8(1)(జె)ని తిరగరాసింది. పాత వాక్యంలో షరతులుండేవి. ప్రజా కార్యకలాపంతో సంబంధం లేనిదై ఉండాలి, లేదా అనవసరంగా ఏకాంతంలోకి చొరబడేదై ఉండాలి, అప్పుడే నిరాకరణ. పార్లమెంటుకో శాసనసభకో నిరాకరించలేనిదాన్ని మామూలు మనిషికీ నిరాకరించరాదన్న మాట కూడా ఉండేది. కొత్త వాక్యంలో అవేవీ లేవు. వ్యక్తిగత సమాచారమైతే చాలు, ఇవ్వనక్కరలేదు. 2025 నవంబరులో ఇది అమల్లోకి వచ్చింది. కేంద్ర సమాచార కమిషనరుగా 2013 నుంచి 2018 దాకా పనిచేసిన మన తెలుగువాడు మాడభూషి శ్రీధర్ ఈ మార్పు సమాచార హక్కు వెన్ను విరుస్తుందని వాదిస్తూ వచ్చారు. ఏకాంతం ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు చెప్పారు కదా, దానికి తగ్గట్టే మార్చామన్నది ప్రభుత్వ వాదన. సమాచార హక్కు చట్టంలో 8(2) అనే సెక్షన్ ఇంకా చెక్కు చెదరకుండా ఉంది. హాని కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్న సమాచారాన్ని కూడా ఇవ్వొచ్చంటుంది అది. కె.గంగవరం తండ్రికి ఇప్పుడు మిగిలిన దారి అదొక్కటే.

అయితే అన్నీ వెబ్‌సైట్లో పెట్టేద్దామా? ఆ మాట అనేముందు ఢిల్లీలో 2007 ఆగస్టులో జరిగింది గుర్తు చేసుకోవాలి. ఒక ప్రభుత్వ బడి టీచరమ్మ తన విద్యార్థినుల్ని వ్యభిచారంలోకి దింపుతోందని ఒక టీవీ ఛానెల్ రహస్య కెమెరా కథనం ప్రసారం చేసింది. కొద్ది గంటల్లో జనం బడి మీద పడ్డారు. ఆమెను బయటికి లాగి కొట్టారు, బట్టలు చించారు. ప్రభుత్వం ఆమెను ఉద్యోగం నుంచి తీసేసింది. తరువాత పోలీసులు దర్యాప్తు చేస్తే ఆ కథనమే కల్పితమని తేలింది. ఛానెల్ ప్రసారాలు ఒక నెల ఆపారు. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆరోపణ దశలోనే పేరు బయట పెడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకు మించిన రుజువు అక్కరలేదు.

న్యూయార్కు అనుభవం మరో రకం. అక్కడ బయటపెట్టింది శిక్షల్ని కాదు, పనితీరు మార్కుల్ని. కోర్టు ఉత్తర్వుల తరువాత 2012 ఫిబ్రవరిలో దాదాపు 18,000 మంది టీచర్ల ర్యాంకులు పేర్లతో సహా పత్రికల్లో అచ్చయ్యాయి. ఆ లెక్కల్లో పొరపాటుకు ఉన్న జాగా గణితంలో 35 పర్సంటైల్ పాయింట్లు, ఇంగ్లీషులో 53. నూటికి నలభయ్యో స్థానంలో ఉన్న మనిషి నిజానికి ఎక్కడున్నాడో ఆ లెక్క చెప్పలేదు, పేరు మాత్రం అచ్చయిపోయింది. అదే ఏడాది జూన్‌లో న్యూయార్కు రాష్ట్రం చట్టం మార్చింది. తమ పిల్లకు ప్రస్తుతం పాఠం చెబుతున్న టీచరు మార్కుల్ని తల్లిదండ్రులు చూడొచ్చు, ఊరందరూ చూడటానికి వీల్లేదు. తల్లిదండ్రులు వేరు, ప్రజలు వేరు అన్న ఈ విభజన మన చర్చల్లో ఎక్కడా వినపడదు. నా మటుకు నాకు ఇదే అసలు కీలకం.

కె.గంగవరం లాంటి చోట దీనికి మరో కారణం ఉంది. ఇది పట్నం కాదు. ఒక ఊళ్లో ఒక ప్రాథమిక పాఠశాల, ఒకరో ఇద్దరో టీచర్లు, తరగతికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది పిల్లలు. టీచరు పేరు, బడి పేరు, ఏడాది, లైంగిక వేధింపు అన్న మాట, ఈ నాలుగూ కలిపి ప్రకటిస్తే ఆ పిల్ల ఎవరో ఊళ్లో పది నిమిషాల్లో తేలిపోతుంది. 2012 పోక్సో చట్టం 23వ సెక్షన్ బాధిత చిన్నారి పేరు, చిరునామా, ఫొటోతో పాటు బడి పేరు, ఉండే వాడ కూడా బయట పెట్టరాదని ప్రసార మాధ్యమాలను శాసిస్తుంది. చట్టం రాసినవాళ్లకు చిన్న ఊరి సంగతి తెలుసు. కాబట్టి టీచరు గోప్యత, పిల్ల గోప్యత ఎదురుబొదురు ఉన్నాయనుకోవడం పొరపాటు. చాలా కేసుల్లో టీచరు పేరు వెనకే పిల్ల ముఖం ఉంటుంది. పేరు బయటపెట్టమని కేకలేసేవాళ్లు ముందు ఆలోచించాల్సింది ఆ పిల్ల గురించి. రేపు ఆమె అదే బడికి వెళ్లాలి, అదే రేవులో పడవెక్కాలి.

ఇక జీతాల సంగతి. టీచర్ల మీద నిఘా మాట వచ్చినప్పుడల్లా తక్కువ జీతం మాట కూడా వస్తుంది. ఇచ్చే జీతానికి ఇంకెన్ని అవమానాలు భరించాలి అని. ప్రభుత్వ టీచర్ల విషయంలో నేటి జీతాలు చూసి ఈ మాటను కొట్టిపారేసేవాళ్లున్నారు. వాళ్లకు చరిత్ర తెలియదు. ఉమ్మడి రాష్ట్రంలో 1983 నుంచి 1996 దాకా స్పెషల్ టీచర్లను నెలకు 398 రూపాయల స్టైపెండుతో తీసుకున్నారు. రెగ్యులర్ టీచరు చేసే పనే చేయించారు. ఆ కాలానికి నోషనల్ ఇంక్రిమెంట్లు ఇవ్వాలన్న డిమాండు ఆ తరం రిటైరవుతున్నా చల్లారలేదు. 398 అన్న అంకె ఆ తరం టీచర్లకు ఇంటిపేరులా అతుక్కుపోయింది. 2022లో వేతన సవరణ 27 శాతం మధ్యంతర భృతి కంటే తగ్గి 23 శాతం ఫిట్‌మెంట్‌గా వచ్చినప్పుడు ఫిబ్రవరి 3న విజయవాడ రోడ్లు నిండిపోవడానికి వెనక ఇలాంటి జ్ఞాపకాలు ఉన్నాయి. ధర్నాకు వెళ్లినందుకు ఇచ్చే నోటీసు, ముఖం చూపి హాజరు వేయమన్న యాప్ మీద 2022 ఆగస్టులో జరిగిన గొడవలో వచ్చిన మెమోలు, ఎన్నికల డ్యూటీకి ఆలస్యమైతే ఇచ్చే సంజాయిషీ తాఖీదు, ఇవన్నీ కూడా క్రమశిక్షణ రికార్డే. అన్నీ బయటపెట్టమంటే ఇవీ బయటపడతాయి. పిల్లకు వీటితో పనేముంది?

తెలంగాణలో 2022 జూన్‌లో జరిగింది ఇక్కడ పనికొచ్చే ఉదాహరణ. నల్గొండ జిల్లాలో ఒక హెడ్మాస్టరు మీద విజిలెన్స్ విచారణ జరిగిన తరువాత, రాష్ట్రంలోని ప్రభుత్వ టీచర్లంతా ఏటా ఆస్తుల వివరాలివ్వాలని విద్యాశాఖ ఉత్తర్వు వేసింది. ఒకరి తప్పుకు అందర్నీ దొంగల్లా చూస్తారా అని సంఘాలు మండిపడ్డాయి. జూన్ 25న ఉత్తర్వు బయటికొచ్చిన రోజే ప్రభుత్వం దాన్ని నిలిపేసింది. ఏది ఎవరికి ఎందుకు అవసరమో చెప్పకుండా అందరి మీదా ఒకే వల వేస్తే ఏమవుతుందో అక్కడ కనిపించింది. వల చిరిగింది, అవసరమైన చేప కూడా జారిపోయింది.

తక్కువ జీతానికీ టీచరు నడవడికకీ సంబంధం ఉందా? ఇందులో మన నేల మీదే జరిగిన ఒక గట్టి అధ్యయనం ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లాటరీ పద్ధతిన ఎంపికైన 100 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు ఒక్కో కాంట్రాక్టు టీచరును అదనంగా ఇచ్చి రెండేళ్లు గమనించారు. ఆ టీచర్లకు వచ్చేది రెగ్యులర్ టీచరు జీతంలో ఐదో వంతు. చదువు, శిక్షణ కూడా తక్కువ. అయినా బడికి ఎగ్గొట్టింది వాళ్లే తక్కువ, ఆ బడుల్లో పిల్లల చదువూ మెరుగుపడింది. తక్కువ జీతం వల్లే తప్పులు జరుగుతాయన్న వాదనను ఇది నిలబడనివ్వదు. అలాగని తక్కువ జీతమే మేలని కూడా ఇది చెప్పదు. కొలిచింది హాజరు, పిల్లల మార్కులు. పిల్లల మీద చెయ్యి చేసుకోవడం, వేధింపు అందులో కొలవలేదు. ఉద్యోగం ఎప్పుడు పోతుందో తెలియని మనిషి సమయానికి వస్తాడు. అదే మనిషి పక్క గదిలో జరిగే తప్పు చూసి ఫిర్యాదు చేస్తాడా? అది వేరే ప్రశ్న. మొదటిదానికి దొరికిన జవాబు రెండోదానికి చెల్లదు.

తక్కువ జీతం అసలు దెబ్బ కొట్టేది ప్రైవేటు బడుల్లో. ద్రాక్షారామం వైపో రామచంద్రపురం వైపో పొద్దున్నే ఊళ్లు తిరిగే పసుపు వ్యాన్లలో పిల్లలతోబాటు కిటికీ పక్కన కూర్చుని వెళ్లే టీచరమ్మలను గుర్తు తెచ్చుకోండి. 2020లో కరోనాకు బడులు మూతపడితే రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు టీచర్లు కూరగాయల బండి పెట్టారు, ఉపాధి హామీ పనికి వెళ్లారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. అంత సాయం కోసం అంతమంది దరఖాస్తు చేసుకున్నారంటే అంతకుముందు జీతాలు ఏపాటివో తెలుస్తూనే ఉంది. టీచరు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికుడు కాదని 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు అంది. గ్రాట్యుటీకి ఉద్యోగి కాదని 2004లో అంది. పార్లమెంటు 2009లో చట్టం సవరిస్తే ప్రైవేటు బడులు మళ్లీ కోర్టుకెక్కాయి. ఆ సవరణ చెల్లుతుందని 2022 ఆగస్టులో తేలింది. ఇన్నేళ్లు ఆ టీచరమ్మ ఏ చట్టంలోనూ సరిగ్గా ఇమడలేదు.

ఇక్కడే పెద్ద ఖాళీ ఉంది. ప్రభుత్వ టీచరుకు అభియోగ పత్రం, విచారణాధికారి, అప్పీలు ఉన్నాయి. ప్రైవేటు టీచర్లనూ విచారణ లేకుండా తీయరాదని 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండుగురు జడ్జీలు చెప్పారు, అన్యాయం జరిగిన టీచరు వెళ్లడానికి ట్రిబ్యునల్ ఉండాలన్నారు. ఊళ్లో నడిచేది మరోలా ఉంటుంది. తప్పు చేసినా చేయకపోయినా ఒకటే మాట: రేపటి నుంచి రావొద్దు. తప్పు చేయని టీచరమ్మకు తన వాదన చెప్పుకునే చోటు ఉండదు. పిల్లల పట్ల నిజంగా తప్పు చేసినవాడికి మాత్రం ఇదే వరం. బడి పరువు పోకూడదు, వాడి రికార్డు అంటూ ఏదీ ఉండకూడదు. రాజీనామా కాగితం ఒకటి రాయించుకుంటారు, జూన్‌లో పది మైళ్ల అవతల మరో బడిలో చేరతాడు. అమెరికాలో దీన్ని అరికట్టడానికి 2015 విద్యా చట్టంలో ప్రత్యేకంగా ఒక సెక్షనే పెట్టాల్సి వచ్చింది. పిల్లల పట్ల లైంగిక దుష్ప్రవర్తన తెలిసి కూడా అలాంటివాడికి మరో బడిలో కొలువు దొరికేలా సాయం చేయకూడదని.

మన చట్టంలో దీనికి దగ్గరగా ఉన్నది 2020 పోక్సో నియమాల్లోని మూడో నియమం. పిల్లలతో పనిచేసే ప్రతి సంస్థా, బడులతో సహా, టీచర్లకు, ఆయాలకు, డ్రైవర్లకు, రెగ్యులర్ అయినా కాంట్రాక్టయినా, ఎప్పటికప్పుడు పోలీసు వెరిఫికేషను చేయించాలి. 2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక బడిలో నాలుగేళ్ల పాప మీద ప్రిన్సిపాల్ కారు డ్రైవరు అఘాయిత్యం బయటపడినప్పుడు ఈ నియమం పేరు చాలామంది మొదటిసారి విన్నారు. 2023 ఏప్రిల్‌లో ఆ డ్రైవరుకు 20 ఏళ్ల జైలు పడింది. కానీ పోలీసు వెరిఫికేషనులో తేలేది పోలీసు కేసు మాత్రమే. శాఖాపరమైన విచారణలో రుజువై ఇంక్రిమెంట్లతో ముగిసినది అందులో రాదు. రాజీనామాతో ముగిసినది అసలే రాదు. 2018 సెప్టెంబరులో కేంద్రం ప్రారంభించిన లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ పోలీసులు చూసుకోవడానికే తప్ప బడి కరస్పాండెంటు చూడటానికి కాదు.

ఇంకొక చిన్న సంగతి, దాని బరువు మాత్రం పెద్దది. మన సర్వీసు నియమాల్లో తొలగింపుకూ బర్తరఫ్‌కూ తేడా ఉంది. బర్తరఫ్ అయినవాడు సాధారణంగా మళ్లీ ప్రభుత్వ ఉద్యోగానికి అనర్హుడు. తొలగించినవాడికి ఆ అడ్డు లేదు. రెండు సందర్భాల్లోనూ ప్రైవేటు బడి తలుపు తీసే ఉంటుంది. ఎందుకంటే డాక్టరుకు మెడికల్ రిజిస్టరు, లాయరుకు బార్ కౌన్సిల్ ఉన్నట్టు మన టీచరుకు రద్దు చేయదగ్గ లైసెన్సు లేదు. బీఈడీ, టెట్ అర్హతలు. వాటిని ఎవరూ వెనక్కి తీసుకోరు.

ఇంగ్లండులో ఆ అధికారం టీచింగ్ రెగ్యులేషన్ ఏజెన్సీకి ఉంది. జీవితకాలం పాఠం చెప్పకుండా నిషేధించదగ్గంత తీవ్రమైన కేసులే అది చూస్తుంది. ఆలస్యాలు, అసమర్థత బడి యాజమాన్యానికి వదిలేస్తుంది. విచారణ ముగిశాక నిర్ణయం పేరుతో సహా ప్రకటిస్తుంది, ఉద్యోగంలోకి తీసుకునేముందు ఏ బడి అయినా నిషేధం పడినవారి జాబితా చూసుకోవచ్చు. కెనడాలోని అంటారియోలో 1997 నుంచి పనిచేస్తున్న టీచర్ల కాలేజీ బహిరంగ రిజిస్టరులో ప్రతి టీచరు పేరు ఎదుట లైసెన్సు స్థితి, రుజువైన అభియోగం కనబడతాయి. వీటిని యథాతథంగా మన దగ్గర నాటమని నేననను. అక్కడ పేరు జాబితాకెక్కే ముందు టీచరుకు విచారణలో మాట్లాడే హక్కు ఉంది. మన దేశంలో 2024-25 నాటికి టీచర్ల సంఖ్య కోటి దాటింది. విచారణే లేని లక్షలాది టీచరమ్మల పేర్లు యజమానుల ఇష్టం మీద జాబితాకెక్కితే, జీతం పెంచమని అడిగిన మనిషి పేరే మొదట ఎక్కుతుందని నా భయం.

కాబట్టి ఆధారాలు నన్ను తీసుకెళ్లినంత దూరం ఇది. పిల్లలకు జరిగిన హాని విషయంలో, అంటే విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిన కొట్టడం, మానసిక వేధింపు, వాటితోపాటు లైంగిక దుష్ప్రవర్తన విషయంలో, విచారణ ముగిసి, అప్పీలు గడువు దాటాక తేలిన ఫలితం టీచరు వెంట బడి నుంచి బడికి వెళ్లాలి. కొలువిచ్చే బడి దాన్ని తప్పనిసరిగా అడగాలి. తన పిల్లకు పాఠం చెబుతున్న టీచరు గురించి తల్లిదండ్రులు అడిగితే ఉంది, లేదు అని జవాబు రావాలి. బాధితురాలి ఆనవాళ్లు తీసేసి ఇచ్చే పద్ధతి సమాచార హక్కు చట్టం 10వ సెక్షన్‌లోనే ఉంది. మెమోలు, ధర్నా నోటీసులు, యాప్ హాజరు, సెలవులు, జబ్బులు వీటిలో ఏదీ ఆ జవాబులో ఉండకూడదు. రుజువు కాని అభియోగమైతే రుజువు కాలేదన్న మాట ఉత్తర్వు రూపంలో టీచరు చేతికి రావాలి. అది వాట్సాప్ కటింగ్ కింద పెట్టుకోవడానికి ఆయనకు హక్కుగా దొరకాలి. ఈ చివరిది టీచర్ల సంఘాలే ముందుండి అడగాల్సిన డిమాండు అని నాకనిపిస్తుంది. ఇవాళ్టి గోప్యత నిర్దోషి టీచరుకు ఏ మేలూ చేయడం లేదు.

ప్రైవేటు బడుల దగ్గర ఇదంతా ఒక అడుగు ముందు మొదలవ్వాలి, నియామక పత్రంతో. పేరు, హోదా, జీతం రాసి సంతకం చేసిన ఒక కాగితం. అది లేని చోట విచారణ లేదు, విచారణ లేని చోట ఫలితం లేదు, ఫలితమే లేనిదాన్ని ఏ తండ్రి ఏ ఆఫీసులో అడుగుతాడు? చాలా బడుల్లో ఆ టీచరమ్మ పనిచేసిందనడానికి ఉండే ఏకైక రుజువు హెడ్మాస్టరు బల్ల మీద ఉండే హాజరు పట్టీ. ఏప్రిల్ చివర అందులో ఆఖరి సంతకం పెడుతుంది. జూన్‌లో బల్ల మీదికి కొత్త పట్టీ వస్తుంది. ఆమె పేరు అందులో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఎందుకు లేదో చెప్పే గడి ఆ పట్టీలో లేదు.